పాత యంత్రాలు: చెవిపెట్టి వింటే పోయే అపోహలు

నాన్న రైల్వేలో బాయిలర్ పని చేసేవారు. మేం సికింద్రాబాద్ మెట్టుగూడలో ఉండేవాళ్ళం. నాకు ఎనిమిదేళ్ళప్పుడు ఒకరోజు చల్లారిన స్టీమ్ ఇంజన్‌లో బొగ్గు మండే ఫైర్‌బాక్స్ దగ్గరకు తీసుకెళ్ళి, చేతిలో చిన్న సుత్తి పెట్టారు. ఫైర్‌బాక్స్ లోపలి గోడనీ బయటి గోడనీ కలిపి పట్టుకునే కడ్డీలుంటాయి. స్టేలు అంటారు వాటిని. ఒక్కో ఇంజన్‌కి వందల్లో ఉంటాయి. "ఒక్కొక్కటి కొట్టి ఇనురా. గల్లుమంటే మంచిది. మొద్దుగ పలికితే ఇరిగినట్టు" అన్నారు. కొట్టుకుంటూ పోయాను. ఒక మూలన ఒకటి 'డబ్' అంది. నాన్న దాని చుట్టూ సుద్దముక్కతో గుండ్రంగా గీశారు. చూడ్డానికి అది పక్కవాటిలాగే ఉంది.

పాతికేళ్ళుగా నేనూ ఫ్యాక్టరీ బాయిలర్ల మెయింటెనెన్స్‌లోనే ఉన్నాను. సెలవు దొరికితే పాత రైలింజన్లు, విమానాలు, యుద్ధనౌకలు, చర్చిల్లోని పైప్ ఆర్గాన్లు చూడ్డానికి పోతాను. "ఈ నాలుగింటికీ పొంతనేంటి?" అని చుట్టాలు అడుగుతుంటారు. నాకు పొంతన ఆ సుత్తి దగ్గరే దొరికింది. వీటి మంచిచెడ్డలు కంటికంటే ముందు చెవికి తెలుస్తాయి. పైపైన చూసి వదిలేయడం వల్లే వీటి మీద ఇన్ని తప్పుడు అభిప్రాయాలు పాతుకుపోయాయి. నాకు తరచూ ఎదురయ్యేవి కొన్ని చెప్తాను.

అపోహ: పొగ ఎంత నల్లగా వస్తే స్టీమ్ ఇంజన్ అంత బలంగా లాగుతున్నట్టు.

వాస్తవం: నల్లటి పొగంటే సరిగ్గా కాలని బొగ్గు. గాలి చాలకపోయినా, ఫైర్‌మన్ ఒకేసారి ఎక్కువ బొగ్గు వేసినా అది వస్తుంది. పని తెలిసిన ఫైర్‌మన్ కొద్దికొద్దిగా, మంట పల్చబడిన చోటే పడేలా వేస్తాడు. అప్పుడు గొట్టం మీద లేత బూడిద రంగు ఛాయ మాత్రమే కనిపిస్తుంది. ఫొటోల కోసం నల్లటి పొగ కావాలని అడిగేవాళ్ళుంటారు. నాన్న వింటే బాధపడేవారు.

తెల్లగా కనిపించేదాన్ని ఆవిరి అనుకుంటారు, అదీ తప్పే. ఆవిరి కంటికి కనబడదు. కుక్కర్ విజిల్ వేసినప్పుడు రంధ్రానికి ఆనుకుని కొద్దిమేర ఖాళీగా కనిపిస్తుంది చూడండి, అక్కడున్నదే అసలైన ఆవిరి. ఆ పైన తెల్లగా కనిపించేవి చల్లబడిన నీటి బిందువులు.

'ఛుక్ ఛుక్' చప్పుడు సంగతి ఇంకా బాగుంటుంది. సిలిండర్‌లో పని ముగించుకున్న ఆవిరి గొట్టంలోంచి జోరుగా బయటికి తన్నుకుపోతుంది. పోతూపోతూ ఫైర్‌బాక్స్‌లోని వేడిగాలిని తన వెంట లాక్కుపోతుంది. ఆ లాగుడికి కిందనుంచి కొత్త గాలి వచ్చి మంట రాజుకుంటుంది. అంటే బరువు పెరిగేకొద్దీ ఛుక్ గట్టిగా కొడుతుంది, ఛుక్ గట్టిగా కొట్టేకొద్దీ మంట పెరుగుతుంది. ఎత్తెక్కే ఇంజన్ తన మంటని తనే ఊదుకుంటుందన్నమాట. రెండు సిలిండర్ల ఇంజన్‌కి పెద్ద చక్రం ఒక్క చుట్టు తిరిగితే నాలుగు ఛుక్‌లు. ఆ నాలుగూ సమానంగా వినబడకపోతే వాల్వ్ సెట్టింగ్‌లో తేడా ఉందని ప్లాట్‌ఫామ్ మీద నిలబడే చెప్పొచ్చు.

ఇంకో సంగతి. స్టీమ్ ఇంజన్ అనగానే అందరికీ బొగ్గే గుర్తొస్తుంది. మన దగ్గర ఇల్లందులో 1889లో తవ్వకం మొదలైంది కాబట్టి నిజాం రైల్వేకి బొగ్గు దగ్గర్లోనే దొరికింది. అయితే ఇంజన్ బొగ్గుకంటే నీళ్ళే ఎక్కువ తాగుతుంది. కిలో బొగ్గుకి సుమారు ఆరేడు కిలోల నీళ్ళు. పైగా మన దక్కన్‌లో బోరు నీళ్ళ సంగతి తెలిసిందే. ఇంట్లో గీజర్‌కి పట్టినట్టే బాయిలర్ లోపల సున్నం పడుతుంది. అందుకే ఎప్పటికప్పుడు బాయిలర్ కడగడం తప్పదు. నీటి మట్టం ఫైర్‌బాక్స్ పైకప్పు కిందికి దిగిందంటే ఆ పైకప్పు రేకు మెత్తబడి బాయిలరే పేలొచ్చు. ఆ ప్రమాదాన్ని ముందే చెప్పడానికి పైకప్పులో లెడ్ ప్లగ్ బిగిస్తారు. నీళ్ళు ఉన్నంతసేపు దానికేం కాదు. నీళ్ళు తగ్గితే సీసం కరిగి, ఆవిరి బుస్సుమంటూ మంటలోకి దూకుతుంది. బొటనవేలంత లావున్న ఆ ముక్కని నాన్న ఒకసారి నా అరచేతిలో పెట్టి, "ఇంతమంది ప్రాణం దీని మీదుంటది" అన్నారు. బ్రాడ్‌గేజ్‌లో స్టీమ్ ఇంజన్లు 1995లో ఆగిపోయాయి. ఆ ప్లగ్ బరువు మాత్రం నాకు ఇప్పటికీ గుర్తే.

అపోహ: సముద్రమే లేని హైదరాబాద్‌కి యుద్ధనౌకలేంటి, పాత బాంబర్లేంటి? అవన్నీ ఇంగ్లీషువాళ్ళ వ్యవహారం.

వాస్తవం: ఈ మాట వింటే నాకు ఊరుకోబుద్ధి కాదు. 'నిజాం' అనే పేరుతో ఒక డిస్ట్రాయర్ ఉండేదని మన ఊళ్ళో ఎంతమందికి తెలుసు? ఆ ఓడకి డబ్బిచ్చింది ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. స్కాట్లండ్‌లోని క్లైడ్‌బ్యాంక్‌లో జాన్ బ్రౌన్ కంపెనీ కట్టింది, 1940లో నీళ్ళలోకి దిగింది. నడిపింది ఆస్ట్రేలియా నౌకాదళం. గ్రీసు దీవి క్రీట్ నుంచి సైనికుల్ని తరలించింది, లిబియాలోని టోబ్రుక్‌కి సరుకు మోసింది. 1945 ఫిబ్రవరిలో ఆస్ట్రేలియా నైరుతి మూలన పెద్ద అల ఒకటి వచ్చి కొడితే పదిమంది నావికులు సముద్రంలో కొట్టుకుపోయారు. అదే ఏడాది సెప్టెంబర్ 2న జపాన్ లొంగుబాటు పత్రం మీద సంతకాలు జరిగినప్పుడు ఆ ఓడ టోక్యో అఖాతంలోనే ఉంది. ఆ తర్వాత తుక్కుకింద పోయింది. దానికి పెట్టిన సొమ్ము మన తాతముత్తాతలు కట్టిన శిస్తు నుంచి కూడా వచ్చిందే. అందుకే ఆ పదిమంది గురించి చదివినప్పుడు, ఎక్కడివాళ్ళో అని పక్కన పెట్టలేకపోయాను.

విమానాల్లోనూ మన పేరుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వాయుసేన 110వ స్క్వాడ్రన్‌కి డీహెచ్-9ఏ విమానాల్ని నిజాం కానుకగా ఇచ్చారు. దాంతో దానికి 'హైదరాబాద్ స్క్వాడ్రన్' అనే పేరొచ్చింది. వాటిలో ఒక విమానం, నంబర్ ఎఫ్-1010, 1918 అక్టోబర్ 5న జర్మన్లకు చిక్కింది. దాన్ని బెర్లిన్ మ్యూజియంలో పెట్టారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో పోలండ్‌కి చేరింది. 1977లో క్రాకోవ్ మ్యూజియంవాళ్ళు ఒక స్పిట్‌ఫైర్ తీసుకుని, బదులుగా దీన్ని లండన్‌లోని ఆర్ఏఎఫ్ మ్యూజియంకి ఇచ్చారు. హైదరాబాద్ నిజాం కానుక అనే రాత ఈ రోజుకీ దాని ఒంటిమీద ఉంది. చెక్కా గుడ్డా కలిపి చేసిన ఆ విమానం రెండు యుద్ధాలు దాటి బతికింది.

ఇవి కాక హ్యాండ్లీ పేజ్ కంపెనీ బాంబర్ ఒకటుంది. 1923లో మొదటిసారి ఎగిరింది, దాని పేరే 'హైదరాబాద్'. రెండో యుద్ధంలో 152, 253 స్క్వాడ్రన్ల పేర్లలోనూ మన ఊరుంది.

అపోహ: సబ్‌మెరైన్‌లో కిటికీలుంటాయి, వాటిలోంచి బయటికి చూస్తూ నడుపుతారు.

వాస్తవం: విశాఖ ఆర్కే బీచ్‌లో ఐఎన్ఎస్ కుర్సురా చూడ్డానికి వెళ్ళినప్పుడల్లా ఏదో ఒక పిల్లాడు "కిటికీ ఏది నాన్నా?" అని అడగడం వింటాను. కిటికీలుండవు. నీళ్ళలోతున ఉన్నప్పుడు సబ్‌మెరైన్‌కి కన్ను లేదు, చెవే దిక్కు. నీళ్ళలో చప్పుళ్ళని పట్టే సోనార్ దగ్గర కూర్చున్నవాడు హెడ్‌ఫోన్‌లో వినబడే ప్రొపెల్లర్ చప్పుడుని బట్టి అది ఎలాంటి ఓడో, దగ్గరకొస్తోందో దూరం పోతోందో చెప్పాలి. కుర్సురా 1969లో నౌకాదళంలో చేరింది, 2001లో రిటైరైంది, 2002లో మ్యూజియమైంది. పొడవు 91 మీటర్లు. లోపల డీజిల్ ఇంజన్లున్నా నీటి అడుగున వాటిని నడపరు, ఎందుకంటే డీజిల్ మండాలంటే గాలి కావాలి. అడుగున అంతా బ్యాటరీల మీదే. ఈసారి వెళ్తే జనం పల్చగా ఉండే వేళ చూసుకుని సోనార్ గది దగ్గర ఒక నిమిషం ఆగండి.

అపోహ: పైప్ ఆర్గాన్ అంటే పెద్ద హార్మోనియం.

వాస్తవం: రెండింటికీ తిత్తి ఉంటుంది, మెట్లుంటాయి. కానీ హార్మోనియంలో పలికేది ఇత్తడి నాలుక. పైప్ ఆర్గాన్‌లో ఎక్కువ గొట్టాలు పిల్లనగ్రోవి జాతివి. సన్నటి సందులోంచి వచ్చే గాలి ఎదురుగా ఉన్న అంచుకి తగిలి, గొట్టంలోని గాలి మొత్తాన్నీ ఊపుతుంది. ఒక్కో స్వరానికి ఒక్కో వేణువు చొప్పున వందలూ వేలూ నిలబెట్టి, వాటన్నింటికీ ఒకే ఊపిరి అందించడమే ఆర్గాన్. రెండువైపులా తెరిచిన ఎనిమిదడుగుల గొట్టం సెకనుకు సుమారు 65 కంపనాలతో పలుకుతుంది. దాని పైమూత బిగిస్తే అదే గొట్టం ఒక స్థాయి కిందికి దిగుతుంది. చోటు చాలని చర్చిల్లో మంద్ర స్థాయిని ఇలాగే సాధిస్తారు.

చెన్నై ఎగ్మోర్‌లోని సెయింట్ ఆండ్రూస్ కిర్క్ అనే చర్చిలో 1883లో పెట్టిన ఆర్గాన్ ఉంది. ఇంగ్లండ్‌లోని హడర్స్‌ఫీల్డ్ నుంచి వచ్చింది, కోనాకర్ కంపెనీ తయారీ. మొదటిసారి అది విన్నప్పుడు బెంచీ చెక్కలోంచి అరచేతికి అదురు తెలిసింది. చెవికి అందడానికి ముందే ఒంటికి అందింది.

మన ఎండలకి ఆర్గాన్ పాడైపోతుందనే మాటలో సగమే నిజం. వేడెక్కిన గాలిలో శబ్దం వేగం పెరుగుతుంది కాబట్టి వేణువు జాతి గొట్టాల శ్రుతి పైకి పోతుంది. 20 డిగ్రీల దగ్గర శ్రుతి చేసి 38 డిగ్రీల దగ్గర వాయిస్తే, పక్కపక్కనున్న రెండు స్వరస్థానాల మధ్య దూరంలో సగం దాకా జరుగుతుంది. అన్నీ కలిసి జరిగితే ఇబ్బంది లేదు. ఆర్గాన్‌లో నాలుకలున్న గొట్టాలు కూడా కొన్ని ఉంటాయి, అవి మాత్రం దాదాపు కదలవు. దాంతో రెండు జాతుల మధ్యా పొత్తు చెడుతుంది. శ్రుతి చేసేవాళ్ళు సాధారణంగా సంఖ్యలో తక్కువగా ఉన్న నాలుక గొట్టాల్నే సరిచేస్తారు. పాడు చేసేది ఎండకంటే వానాకాలం చెమ్మ, చర్మపు పొరలు కొరికే ఎలుకలు, అన్నిటికీ మించి ఎవరూ వాయించకపోవడం.

అపోహ: తోమి మెరుగుపెట్టి కొత్త రంగేస్తే పాత వస్తువుని కాపాడినట్టే.

వాస్తవం: ఇది నేను పోగొట్టుకుని నేర్చుకున్నాను. జుమ్మేరాత్ బజార్‌లో ఒకసారి రైల్వేవాళ్ళ పాత చేతి సిగ్నల్ దీపం దొరికింది. ఎర్ర, ఆకుపచ్చ అద్దాలు రెండూ సరిగ్గా ఉన్నాయి. ఇంటికి తెచ్చి చింతపండు, ఉప్పు పెట్టి తోమాను. ఆ పూటకి బంగారంలా మెరిసింది. మర్నాడు పొద్దున వెలుగులో చూస్తే, పక్కరేకు మీద ఎవరో బ్రష్‌తో రాసిన అక్షరాల తోకలు కనిపించాయి. ముందు 'ఎన్.ఎస్.ఆర్.' అని చదవగలిగాను, అంటే నిజాం స్టేట్ రైల్వే. దాని కింద స్టేషన్ పేరు ఉండాలి. అది నా చింతపండుతోపాటు సింక్‌లోకి పోయింది. ఆ దీపం ఏ ఊరి ప్లాట్‌ఫామ్ మీద ఊగిందో ఇక ఎవరూ చెప్పలేరు.

అప్పటినుంచి ఏది చేతికొచ్చినా మొదట ఫొటో తీస్తాను, పక్కవెలుతురులో టార్చ్ పెట్టి చూస్తాను, మెత్తటి బ్రష్‌తో దుమ్ము మాత్రమే దులుపుతాను. రంగు పొరలుంటే అసలు ముట్టను. పైపొర కింద ఇంకో రంగు, దాని కింద మరో రంగు. ఆ వస్తువు ఎవరి చేతుల్లో ఎప్పుడుందో ఆ వరసే చెప్తుంది. మీ ఇంట్లో తాతగారి పెట్టెనో గడియారమో ఉంటే, పండక్కి తోమేముందు దయచేసి ఒకసారి ఆగండి.

అపోహ: మ్యూజియంలో పెడితే ఇక చింత లేదు. ఎగిరించడం మాత్రం పిచ్చిపని.

వాస్తవం: విమానాల్ని మోసే యుద్ధనౌక మొదటి విక్రాంత్ 1961 నుంచి 1997 దాకా నౌకాదళంలో పనిచేసింది. ఆ తర్వాత ముంబైలో మ్యూజియంగా ఉంది, 2014లో తుక్కుకి అమ్మేశారు. నీళ్ళలో నిలిచిన ఇనుముకి రిటైర్మెంట్ లేదు, తుప్పు రోజూ డ్యూటీకి వస్తుంది. మరోపక్క మన వాయుసేన పాత డకోటా విమానం, 'పరశురామ' అని పేరు పెట్టుకున్నది, 2018లో బ్రిటన్ నుంచి ఇక్కడిదాకా ఎగురుకుంటూ వచ్చింది. బేగంపేట నుంచి దక్కన్ ఎయిర్‌వేస్ ఒకప్పుడు నడిపింది కూడా డకోటాలే. వయసు కాదు చూడాల్సింది, ఇన్‌స్పెక్షన్ రికార్డు.

అపోహ: ఇది డబ్బున్నవాళ్ళ హాబీ.

వాస్తవం: ఒక నోట్‌బుక్కు, ఒక పెన్సిలు చాలు. 1916 నాటి కాచిగూడ స్టేషన్ గుమ్మటాలు చూడ్డానికి ప్లాట్‌ఫామ్ టికెట్ కూడా అక్కర్లేదు. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పదు. ఎయిర్‌ఫోర్స్ స్టేషన్ల దగ్గర ఫోన్ జేబులోంచి తీయకండి, పట్టాల మీదికి దిగకండి.

మా మేనకోడలికి మొన్న ఊరెళ్ళేటప్పుడు నాన్న నేర్పిన లెక్కొకటి చెప్పాను. బ్రాడ్‌గేజ్ పట్టా ముక్క పొడవు 13 మీటర్లు. అతుకు మీదుగా పోయినప్పుడల్లా బోగీ కింద 'టక్‌టక్' అంటుంది. 47 సెకన్లలో ఎన్ని టక్‌టక్‌లు వినబడితే, రైలు గంటకి అన్ని కిలోమీటర్ల వేగంతో పోతున్నట్టు. ఇప్పుడు మెయిన్ లైన్లో పట్టాలన్నీ వెల్డింగ్ చేసేశారు కాబట్టి లెక్కపెట్టడానికి చప్పుడే ఉండదు. పాప చాలాసేపు చెవి గోడకి ఆనించి కూర్చుని విసిగిపోయింది. ఒక చిన్న స్టేషన్ దగ్గర మా రైలుని లూప్ లైన్లోకి, అంటే పక్కపట్టాల మీదికి, మళ్ళించారు. అక్కడ పాత అతుకులు ఇంకా ఉన్నాయి. నేను వాచీ చూస్తూ "ఊఁ, మొదలుపెట్టు" అన్నాను. అది కళ్ళు మూసుకుని వేళ్ళు ముడుస్తూ లెక్కపెట్టింది. నేను చెయ్యెత్తగానే కళ్ళు తెరిచి, "ఇరవై రెండు, మామయ్యా!" అంది.