నాలుగో ముక్క తిరగకపోతే

"ఎండ తగిలితే చర్మం పొక్కిపోయే జబ్బుందట కదా, సన్‌స్క్రీన్ దట్టంగా రాసుకుంటే సరిపోదా?" అని ఒక పాఠకుడు అడిగారు. సరిపోదు. ఎందుకో తెలియాలంటే చర్మాన్ని వదిలేసి ఎముక మజ్జలోకి వెళ్లాలి. 1911లో హాన్స్ గుంథర్ అనే జర్మన్ వైద్యుడు వర్ణించిన ఈ జబ్బు (కంజెనిటల్ ఎరిథ్రోపోయిటిక్ పోర్ఫిరియా) కనిపించేది చర్మం మీద, పుట్టేది మజ్జలో తయారయ్యే ఎర్రకణాల్లో.

ఎర్రకణాలకు హీమ్ కావాలి. మధ్యలో ఇనుము పొదిగిన ఉంగరం లాంటి అణువు అది. ఎనిమిది అంచెల్లో తయారవుతుంది. మిగతా ఏడూ పక్కన పెడదాం, నాకు నచ్చింది నాలుగోది.

అప్పటికి పైరోల్ అనే చిన్న వలయాలు, నాలుగు ముక్కలు, వరసగా అతుక్కుని గొలుసై ఉంటాయి. ఒక్కో ముక్కకి రెండు తోకలు, ఒకటి పొట్టి (ఎసిటేట్), ఒకటి పొడుగు (ప్రోపియోనేట్). గొలుసు పొడవునా పొట్టి-పొడుగు, పొట్టి-పొడుగు అనే వరసే. దాన్ని ఉంగరంగా మూసే ఎంజైము మూసేముందు నాలుగో ముక్కని పట్టుకుని తిప్పేస్తుంది. నలుగురు చేతులు పట్టుకుని గుండ్రంగా నిలబడితే ముగ్గురు లోపలికి, నాలుగోవాడు బయటికి చూస్తున్నట్టు. చుట్టూ నడుస్తూ లెక్కపెడితే పొట్టి-పొడుగు మూడుసార్లు, చివర పొడుగు-పొట్టి. ఈ ఉంగరాన్ని బోర్డు మీద గీయమంటే పిల్లలు నాలుగు వైపులా ఒకేలా గీస్తారు. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది, కానీ వాళ్లు గీసింది జబ్బుని.

ఎందుకంటే ఆ ఎంజైము తగినంత లేకపోయినా గొలుసు ఊరుకోదు, కొద్ది నిమిషాల్లో తనంతట తానే మూసుకుంటుంది, నాలుగో ముక్క తిరగకుండానే. ఈ ఒకటో రకం ఉంగరం ఇంకో అంచె ముందుకెళ్లి ఆగిపోతుంది, ఎన్నటికీ హీమ్ కాలేదు. పేరుకుని, ఆక్సీకరణ చెంది, యూరోపోర్ఫిరిన్ లాంటి ఎర్రటి పదార్థాలుగా (వీటినే పోర్ఫిరిన్‌లు అంటారు) మారుతుంది. మూత్రం ఎర్రబడుతుంది. పళ్లు గోధుమ-ఎరుపు రంగుకి తిరుగుతాయి, అతినీలలోహిత దీపం కింద గులాబీరంగులో వెలుగుతాయి.

హీమ్ కూడా వెలుతురుని పీల్చుకుంటుంది, కానీ మధ్యలోని ఇనుము ఆ శక్తిని చప్పున చల్లార్చేస్తుంది. ఖాళీ ఉంగరానికి ఆ వీలు లేదు. దొరికిన శక్తిని పక్కనున్న ఆక్సిజన్‌కి అంటగడుతుంది. రెచ్చిపోయిన ఆ ఆక్సిజన్ కణాల పొరల్ని కాల్చేస్తుంది. 1912లో ఫ్రీడ్రిష్ మేయర్-బెట్జ్ అనే వైద్యుడు హీమాటోపోర్ఫిరిన్ (ఇదీ ఇలాంటి ఖాళీ ఉంగరమే) 200 మిల్లీగ్రాములు తన నరంలోకే ఎక్కించుకుని ఎండలోకి వెళ్లాడు. ముఖం, చేతులు వాచిపోయాయి. వారాల తరబడి వెలుతురంటే హడలే.

ఇక సన్‌స్క్రీన్ సంగతి. పోర్ఫిరిన్‌లు ఎక్కువగా పీల్చుకునేది 400 నానోమీటర్ల దగ్గరి ఊదా కాంతిని. అది కంటికి కనిపించే వెలుతురే, కిటికీ అద్దంలోంచి హాయిగా దూరి వస్తుంది. మామూలు సన్‌స్క్రీన్లు అతినీలలోహితాన్ని ఆపడానికి చేసినవి. అందుకే ఒళ్లంతా కప్పే మందపాటి బట్టలే దిక్కు. ఎండ సోకని ఒంటికి విటమిన్ డి విడిగా ఇవ్వాలి. మూలానికి మందంటే మజ్జ మార్పిడే.

రక్తపిశాచాల కథలు ఈ రోగుల వల్లే పుట్టాయని ఒక ప్రచారముంది. నాకు ఒళ్లుమండే మాట అది. ప్రపంచం మొత్తంలో నమోదైన కేసులు కొన్ని వందలు, రక్తం తాగితే తగ్గే జబ్బూ కాదు.

అన్నట్టు, అమెరికాలో ఫాక్స్ స్క్విరల్ అనే ఉడుత ఉంది. దానిలోనూ ఈ ఎంజైము తక్కువే, ఎముకలు అలాగే ఎర్రగా వెలుగుతాయి. అయినా పట్టపగలు, ఒళ్లంతా బొచ్చు కప్పుకుని, చెట్లెక్కి తిరుగుతుంటుంది.