గ్రాఫిక్స్ డ్రైవర్లలో మెమరీ అడ్రస్: అపోహలు - వాస్తవాలు

డెస్క్‌టాప్‌లో ఏళ్ల తరబడి సాఫీగా నడిచిన గ్రాఫిక్స్ డ్రైవర్ (గ్రాఫిక్స్ హార్డ్‌వేర్‌ను నడిపే ప్రోగ్రాం) ఏఆర్ఎం రకం ప్రాసెసర్ ఉన్న బోర్డు మీద నల్లటి తెర చూపించగానే, తప్పంతా బోర్డుదేనని చాలామంది తేల్చేస్తారు. నా అనుభవంలో లోపం ఎక్కువగా డ్రైవర్‌లోనే, అది అడ్రస్‌ను, అంటే మెమరీలో చోటును చెప్పే అంకెను, అర్థం చేసుకునే తీరులోనే ఉంటుంది.

అపోహ: మెమరీ ఒకటే కాబట్టి అడ్రస్ కూడా ఒకటే.

ఒకే బైటుకు నాలుగు అడ్రస్‌లు ఉండవచ్చు. ప్రోగ్రాం వాడే వర్చువల్ అడ్రస్, ప్రాసెసర్‌కు తెలిసిన ఫిజికల్ అడ్రస్, ప్రాసెసర్ ప్రమేయం లేకుండా మెమరీని చదివే, రాసే పరికరం (డీఎంఏ) తన వైపు నుంచి వాడే డీఎంఏ అడ్రస్, జీపీయూ (గ్రాఫిక్స్ ప్రాసెసర్) సొంత పేజీ టేబుళ్లలోని, అంటే అడ్రస్‌లను మార్చే పట్టికల్లోని, అడ్రస్. ఐఓఎంఎంయూ (పరికరాల అడ్రస్‌లను మార్చి ఇచ్చే హార్డ్‌వేర్) లేని ఎక్స్86 కంప్యూటర్లలో, అంటే మామూలు ఇంటెల్, ఏఎండీ పీసీల్లో, రెండోదీ మూడోదీ అంకె తేడా లేకుండా సరిపోతాయి. ఈ అపోహకు మూలం అక్కడే ఉంది.

రాస్ప్‌బెర్రీ పై సంగతి చూడండి. అందులోని గ్రాఫిక్స్ భాగమైన వీడియోకోర్ వైపు నుంచి, పరికరాలను నియంత్రించే రిజిస్టర్లు హెక్సాడెసిమల్‌లో 7ఈ000000 దగ్గర మొదలవుతాయి. ఏఆర్ఎం ప్రాసెసర్‌కు అవే రిజిస్టర్లు మొదటి మోడల్‌లో 20000000 దగ్గర, రెండు, మూడు మోడళ్లలో 3ఎఫ్000000 దగ్గర, నాలుగో మోడల్‌లో ఎఫ్ఈ000000 దగ్గర కనిపిస్తాయి. ర్యామ్‌దీ ఇదే కథ. రెండు, మూడు మోడళ్లలో ప్రాసెసర్ సున్నా అనుకునే చోటును డీఎంఏ ఇంజిన్‌కు సీ0000000 అని చెప్పాలి. సున్నానే ఇస్తే దారి వీడియోకోర్ కాష్ (డేటా నకళ్లను దగ్గర ఉంచుకునే వేగవంతమైన చిన్న మెమరీ) గుండా పోతుంది. అప్పుడు ప్రాసెసర్ రాసినదీ పరికరం చదివినదీ ఒకటి కాకపోవచ్చు.

అందుకే లైనక్స్‌లో ఫిజికల్ అడ్రస్‌కూ డీఎంఏ అడ్రస్‌కూ వేర్వేరు డేటా టైపులు పెట్టారు. డీఎంఏ మ్యాపింగ్ ఫంక్షన్ ఇచ్చిన విలువనే హార్డ్‌వేర్‌కు అందించాలి, సొంత కూడికలతో దాన్ని రాబట్టకూడదు. కోడ్ సమీక్షలో నేను మొదట వెతికేది ఇదే.

అపోహ: మ్యాప్ చేశాక వీడియో మెమరీ కూడా మామూలు పాయింటరే.

ఎక్స్86లో ఐఓరీమ్యాప్ (పరికరం మెమరీని కెర్నల్‌కు అందేలా మ్యాప్ చేసే లైనక్స్ ఫంక్షన్) ఇచ్చిన అడ్రస్‌ను నేరుగా వాడినా పని నడిచిపోతుంది. 64 బిట్ల ఏఆర్ఎంలో అదే పిలుపు ఆ ప్రాంతాన్ని ‘డివైస్’ రకం మెమరీగా మ్యాప్ చేస్తుంది. అక్కడ ఎలైన్ కాని (తీసుకునే సైజుతో భాగించబడని) అడ్రస్‌ను ముట్టుకుంటే ప్రాసెసర్ ఫాల్ట్ ఇస్తుంది. మెమరీని కాపీ చేసే మామూలు ఫంక్షన్ మెమ్‌కాపీ వేగం కోసం సరిగ్గా అలాంటి అడ్రస్‌లనే ముట్టుకుంటుంది. 13 బైట్లు కాపీ చేయమంటే మొదటి 8 బైట్లు ఒకసారి, చివరి 8 బైట్లు ఇంకోసారి తీసుకుని ముగించవచ్చు. ఆ రెండో విడత ఆఫ్‌సెట్ 5 నుంచి మొదలవుతుంది. మామూలు ర్యామ్‌లో ఇది చక్కటి ఉపాయం, ఇక్కడ మాత్రం కెర్నల్ కూలిపోతుంది.

పరికరం మెమరీకి కాపీ చేసే మెమ్‌కాపీ_టుఐఓ, దాని నుంచి కాపీ చేసే మెమ్‌కాపీ_ఫ్రమ్ఐఓ ఉన్నది ఇందుకే. పాయింటర్‌కు పరికరం మెమరీదని చెప్పే ఐఓమెమ్ గుర్తు తగిలించి, కోడ్‌ను తనిఖీ చేసే స్పార్స్ అనే సాధనంతో పరీక్షిస్తే ఇలాంటి తప్పులు కోడ్ నడవకముందే బయటపడతాయి. ఆ హెచ్చరికల నోరు కాస్టింగ్‌తో (పాయింటర్ రకాన్ని బలవంతంగా మార్చి) మూయించిన కోడ్ కనబడితే నాకు నిజంగా బాధ కలుగుతుంది. చేతికి అందిన సాయాన్ని తోసేసినట్లే అది.

అపోహ: 64 బిట్ల కాలంలో అడ్రస్ పట్టదన్న బెంగ లేదు.

ప్రాసెసర్‌కు ఉన్నన్ని బిట్లు పరికరానికి ఉండాలని లేదు. పాత రేడియాన్ పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డుల హద్దు 40 బిట్లు. డ్రైవర్ తన డీఎంఏ మాస్క్ (పరికరం ఎన్ని బిట్ల అడ్రస్ వాడగలదో) చెప్పకపోతే లైనక్స్ 32 బిట్లే అనుకుంటుంది. హద్దు దాటిన బఫర్లను కింది అడ్రస్‌లకు కాపీ చేసి నడిపిస్తుంది, వేగం పడిపోతుంది. అలా కాపీ చేయడానికైనా కింద చోటుండాలి కదా! ఏఎండీ తెచ్చిన సియాటిల్ ఏఆర్ఎం చిప్పులో ర్యామ్ మొదలయ్యేదే 512 జీబీ అడ్రస్ దగ్గర. 32 బిట్లతో చేరగలిగిన 4 జీబీకి దిగువన ర్యామ్ అసలే లేదు. ఐఓఎంఎంయూ ఆదుకోకపోతే 32 బిట్ల పరికరానికి అక్కడ దారే లేదు.

అపోహ: పేజీ అంటే 4096 బైట్లు.

పేజీ అంటే మెమరీని మ్యాప్ చేసే ముక్క. 64 బిట్ల ఏఆర్ఎంలో అది 4, 16 లేదా 64 కేబీ కావచ్చు. ఏఎండీ జీపీయూ లెక్కలో మాత్రం పేజీ 4 కేబీయే. ప్రాసెసర్ పేజీ 64 కేబీ అయితే ఒక్కో పేజీకి జీపీయూ టేబుల్‌లో 16 ఎంట్రీలు నింపాలి. రెండు సైజులకూ ఒకే పేరు వాడిన లూపు ఒక ఎంట్రీ నింపి ఊరుకుంటుంది.

అపోహ: ర్యామ్‌ను పంచుకునే చిప్పుల్లో సింక్ పిలుపులు అనవసరం.

సింక్ పిలుపులంటే కాష్‌లోని విలువకూ ర్యామ్‌లోని విలువకూ పొంతన కుదిర్చే ఫంక్షన్ పిలుపులు. ర్యామ్ ఒకటైనా కాష్‌లు వేరు. చాలా ఏఆర్ఎం చిప్పుల్లో జీపీయూకు ప్రాసెసర్ కాష్‌లోని తాజా విలువ కనబడదు. ఎక్స్86లో ఈ పిలుపులకు సాధారణంగా పనేమీ ఉండదు కాబట్టి, మరిచిపోయినా ఎవరికీ తెలియదు. లోపం మరో ప్లాట్‌ఫారంలో తెర మీదే బయటపడుతుంది. కాష్ లైన్ (కాష్ ఒకేసారి పట్టుకునే ముక్క) 64 బైట్లు, పిక్సెల్ 4 బైట్లు అయితే, వరుసగా పేర్చిన చిత్రంలో సరిగ్గా 16 పిక్సెళ్ల పొడవున పాత బొమ్మ ముక్కలు మిగిలిపోతాయి. అలాంటివి కనిపిస్తే నేను షేడర్ (జీపీయూ మీద నడిచి పిక్సెళ్లకు రంగులు వేసే ప్రోగ్రాం) జోలికి వెళ్లను, ముందు సింక్ పిలుపులు తప్పిన చోటు వెతుకుతాను.