రెండు కార్తీకాల ఊళ్ళో గ్రహణం మాట

2022 నవంబరు 8, కార్తీక పౌర్ణమి. ఒడిశాలో ఆంధ్ర సరిహద్దున ఉన్న పర్లాకిమిడిలో మా డాబా మీద టెలిస్కోపు తూర్పుకి తిప్పి పెట్టుకుని కూర్చున్నాం. సాయంత్రం ఐదు దాటాక కొండల వెనక నుంచి చందమామ పైకి వచ్చేసరికే గ్రహణం పట్టి ఉంది. ఒక పక్క వెలుగు, మిగతాదంతా మసిబట్టిన ఇత్తడి పళ్ళెంలా ఉంది. ఆరూ పంతొమ్మిదికి విడుపు. ఉన్నది గంట సేపే.

ఆ గంటలో సగం మా వాళ్ళు ఫోనుల్లోనే గడిపేశారు. ఆ రోజు భువనేశ్వర్‌లో హేతువాదులు గ్రహణం వేళకి బిర్యానీతో సామూహిక విందు పెట్టారు. అది సంప్రదాయాన్ని అవమానించడమేనని వేరేవాళ్ళు అడ్డుకోబోయారు. మాటలు ముదిరి కొట్లాట దాకా వెళ్ళింది. ఆ వీడియోలు మాకు చేరగానే మా డాబా కూడా రెండు వర్గాలైంది. సరిగ్గా అప్పుడే పక్కింటి మామ్మ మెట్లెక్కి వచ్చింది. మాలో ఫిజిక్సు చదువుతున్న కుర్రాడు ఆ వేడిలో ఆవిడ వైపు తిరిగి, "ఇంకా రాహువు మింగేశాడనే అంటారా మామ్మా?" అనేశాడు. ఆవిడ ఒక్క క్షణం నిలబడింది. "నాను మింగీసినాడని అన్నేదు బావూ. సూద్దారని వొచ్చినాను" అని మెల్లగా దిగి వెళ్ళిపోయింది. నేను అక్కడే ఉండి కూడా నోరు మెదపలేదు. అది ఇప్పటికీ నా మనసులో ఉంది.

ఆకాశం గురించి మాట్లాడుకునేటప్పుడు మర్యాద ఎందుకు తప్పుతోంది? ఎప్పటినుంచి తప్పుతోంది? ఆ రాత్రి నుంచి నేను వెతుకుతున్నది ఇదే. వెతికే కొద్దీ తెలిసిందేమిటంటే, ఈ ప్రాంతానికి ఇలాంటి తగువును మర్యాదగా నడుపుకోవడం చాలా కాలంగా వచ్చు.

ముందు మా ఊరి సంగతే చూడండి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు పర్లాకిమిడి అటు వెళ్ళింది, తెలుగు ఇళ్ళు ఇక్కడే ఉండిపోయాయి. దాంతో ఒకే వీధిలో రెండు పంచాంగాలు నడుస్తాయి. ఒడియా వాళ్ళకి పౌర్ణమితో నెల పూర్తవుతుంది, మనకి అమావాస్యతో. అందుకే కుమార పౌర్ణమి (మన ఆశ్వయుజ పౌర్ణమి) మర్నాటి నుంచే ఎదురింటి వాళ్ళు కార్తీక నియమాలు పట్టి హబిష అనే వ్రత భోజనం వండుకుంటారు. మనకది ఇంకా ఆశ్వయుజ బహుళమే, దీపావళి వెళ్తేనే కార్తీకం. ఒకే చంద్రుడు, ఒకే కళ, రెండు నెలల పేర్లు. శుక్ల పక్షంలో మాత్రం రెండు లెక్కలూ కలుస్తాయి కాబట్టి కార్తీక పౌర్ణమి ఇద్దరికీ ఒకటే. వాళ్ళు తెల్లారకుండానే అరటి దొప్పల పడవలు వదులుతారు, మనం దీపాలు పెడతాం. కొత్త సంవత్సరం కూడా ఇద్దరికీ వేరే: మనకి ఉగాది, వాళ్ళకి పణా సంక్రాంతి. నా చిన్నప్పటి నుంచీ "మీది తప్పు" అని ఎవరూ ఎవరినీ అనగా వినలేదు. "మీకు కార్తీకం వచ్చేసిందా?" అని అడగడమే విన్నాను.

పంచాంగం లెక్కలకీ ఆకాశంలో కనబడేదానికీ మధ్య పేచీ మాత్రం నిజంగా పాతదే. ఆ పేచీని అందరికంటే నిష్ఠగా పట్టించుకున్న మనిషి ఒడిశా వాడే. ఖండపడా సంస్థానంలో 1835లో పుట్టిన సామంత చంద్రశేఖర్‌ని జనం పఠాణి సామంత అంటారు. చిన్న వయసులోనే ఆయనకి ఒక సంగతి తట్టింది. గ్రంథాల్లో ఉన్న లెక్క కట్టి చూస్తే గ్రహాలు ఆ చోట కనబడటం లేదు. గ్రంథాన్ని తిట్టలేదు, తన కళ్ళనీ అనుమానించలేదు. వెదురు గొట్టాలు, కర్ర ముక్కలు తీసుకుని సాధనాలు తయారు చేసుకున్నాడు. ఆయన మానయంత్రం అంటే ఏమీ లేదు, టీ అక్షరంలా బిగించిన రెండు కర్రలు. ఒక కొస కంటి దగ్గర పెట్టుకుని, అడ్డకర్రకున్న గాట్ల లోంచి చుక్కల మధ్య కోణం కొలిచేవాడు. అలా ఏళ్ళ తరబడి కొలిచి, సంస్కృతంలో 'సిద్ధాంత దర్పణం' రాశాడు. తాటాకుల మీద, ఒడియా లిపిలో.

అది అచ్చులోకి వచ్చిన తీరు నాకు ఇంకా ముఖ్యం. కటక్ రావెన్‌షా కాలేజీ అధ్యాపకుడు జోగేశ్ చంద్ర రాయ్ దానికి ఇంగ్లీషులో సుదీర్ఘమైన ముందుమాట రాసి, 1899లో కలకత్తాలో అచ్చు వేయించాడు. ఒక్కసారి ఆ ఇద్దరినీ పక్కపక్కన ఊహించుకోండి. సామంత దృష్టిలో భూమి కదలదు. గ్రహాలు సూర్యుడి చుట్టూ, ఆ సూర్యుడు భూమి చుట్టూ తిరుగుతాయి. రాయ్‌గారు కాలేజీలో సైన్సు చెప్పే మనిషి, భూమి తిరుగుతుందని ఆయనకి బాగా తెలుసు. అయినా "ఈయనకి అసలు సంగతే తెలీదు" అని తీసిపారేయలేదు. టెలిస్కోపు లేకుండా, కర్రలతో, ఇంత దగ్గరగా ఎలా కొలిచాడన్నదే ఆయన్ని కట్టిపడేసింది. ఆ సూక్ష్మతనే లోకానికి చూపించాడు. ఆ ముందుమాట వల్లే విలాయతులో 'నేచర్' పత్రిక సామంతను, టెలిస్కోపు రాకముందే ఉత్త కంటితో ఆకాశాన్ని కొలిచిన యూరప్ ఖగోళవేత్త టైకో బ్రాహీతో పోల్చింది. ఇటు పూరీ గుడి పూజా వేళలకీ ఆయన లెక్కల పంచాంగమే ఆధారమైంది. ఆకాశం గురించి మన దేశంలో జరిగిన సంభాషణల్లో ఇంతకంటే మర్యాదైనది నాకు తెలీదు.

తెలుగు పంచాంగ కర్తల్లోనూ రెండు దారులున్నాయి: ఆకాశంలో కనబడేదానికి సరిచూసుకునే దృక్ పద్ధతి, పాత గ్రంథాల లెక్కనే పట్టుకునే పూర్వ పద్ధతి. కొన్నేళ్ళు పండగ రెండు రోజులు పడేది అందుకే. దేశమంతటికీ ఒక లెక్క కావాలని 1952లో భౌతిక శాస్త్రవేత్త మేఘనాద్ సాహా అధ్యక్షతన కమిటీ వేశారు. 1957 మార్చి 22 నుంచి రాష్ట్రీయ పంచాంగం అమల్లోకి వచ్చింది. ఆఫీసు కాగితాల మీద తేదీగా అది నిలిచింది, ఇళ్ళలో ఎవరి పంచాంగం వాళ్ళకే ఉండిపోయింది.

మరి భయం, ఎగతాళి ఎక్కణ్ణించి వచ్చాయి? మా పెద్దవాళ్ళని అడిగితే అందరూ ఒక్క తేదీ దగ్గరే ఆగుతారు: 1980 ఫిబ్రవరి 16, శనివారం. కార్వార్ తీరం నుంచి హైదరాబాద్ దక్షిణంగా, ఖమ్మం మీదుగా పూరీ, కోణార్క్ దాకా సంపూర్ణ సూర్యగ్రహణం. ఆ దారిలోనే మన దక్షిణ ఒడిశా కూడా ఉంది. దేశదేశాల శాస్త్రవేత్తలు ఆ కొద్ది నిమిషాల కోసం ఇక్కడికి వచ్చారు. ఇక్కడి జనం మాత్రం తలుపులు వేసుకున్నారు. మా అమ్మ కిటికీలకి దుప్పట్లు కట్టిందట. కళ్ళు పోతాయన్న హెచ్చరిక సబబే, ఫిల్టరు లేకుండా సూర్యుణ్ణి చూడకూడదు. కానీ "ఇలా చూడండి" అని చెప్పేవాళ్ళు లేక, "చూడొద్దు" అన్న మాటే ఇంటింటికీ చేరింది. ఊరు ఊరంతా తన నెత్తి మీద జరిగినదాన్ని చూడలేకపోయింది. ఇక ముందు మన దేశానికి సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చేది 2034 మార్చి 20న, అదీ ఉత్తరాన కశ్మీర్ వైపు. అప్పుడు తలుపులేసుకున్నవాళ్ళని ఇప్పుడు నవ్వడం చాలా అన్యాయం. వాళ్ళకి ఎవరూ చూపించలేదు.

చదువుకున్నవాళ్ళకి మర్యాద దానంతట అదే వస్తుందనీ అనుకోవద్దు. 1935 జనవరి 11న లండన్‌లో, రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ సభలో, ఇరవై నాలుగేళ్ళ సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ నక్షత్రాల ముగింపు గురించి తన లెక్క చెప్పాడు. వెంటనే లేచిన ఎడింగ్టన్, అప్పటికే పెద్ద పేరున్న ఖగోళ శాస్త్రవేత్త, ఆ లెక్కని అందరి ముందూ కొట్టిపారేశాడు, సభ నవ్వింది. చంద్రశేఖర్ చెప్పిందే నిజమని తేలింది, 1983లో నోబెల్ వచ్చింది. అయినా ఎడింగ్టన్ బతికున్నన్నాళ్ళూ చంద్రశేఖర్ ఆయనతో స్నేహం వదులుకోలేదు. తర్వాత ఆయన గురించి స్మారకోపన్యాసాలిస్తూ, తన కాలంలో అంతటి ఖగోళ శాస్త్రవేత్త లేడన్నాడు.

ఆ కార్తీక పౌర్ణమి తర్వాత మా డాబా మీద కొన్ని అలవాట్లు మార్చుకున్నాం. ఫోన్లు కిందే పెట్టి వస్తాం. కళ్ళు చీకటికి అలవాటు పడాలంటే కనీసం ఇరవై నిమిషాలు పడుతుంది, ఒక్క ఫోను వెలుగుతో అంతా పోతుంది. టార్చికి ఎర్ర జిలుగు కాయితం చుట్టుకుంటాం. కొత్తగా వచ్చినవాళ్ళదే మొదటి చూపు, వాళ్ళు చూడకుండా వివరాలు చెప్పం. అడిగినవాళ్ళ భాషలోనే జవాబు: తెలుగు, ఒడియా, సవర కొండల నుంచి పిల్లలొస్తే వాళ్ళ మాట తెలిసినవాళ్ళు చెబుతారు. తెలీకపోతే తెలీదంటాం. ఎవరు తిని వచ్చారు, ఎవరు తినకుండా వచ్చారు అన్నది డాబా మీద అడగం.

2025 సెప్టెంబరు 7 రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం. మధ్యాహ్నమే ఆ కుర్రాడు పక్కింటికి వెళ్ళి మామ్మని పిలిచి వచ్చాడు. ఆవిడ పొద్దుండగానే అన్నం తినేసి, నీళ్ళ బిందెలో దర్భ వేసుకుని, పదకొండుకి పైకి వచ్చింది. మబ్బులు తొలిగే దాకా కుర్చీలో కూర్చుంది. చందమామ రాగి రంగులోకి మారాక, వాడు టెలిస్కోపు ఆవిడ ఎత్తుకి దించి, కన్ను ఎక్కడ పెట్టాలో చూపించాడు. చాలాసేపు చూసింది.

"ఎరుపెందుకొచ్చింది బావూ?"

భూమి నీడ పడినా, భూమి చుట్టూ ఉన్న గాలిలోంచి కొంచెం ఎర్ర వెలుతురు వంగి అక్కడికి చేరుతుందని వాడు చెప్పాడు. మనకి సందె వేళ కనబడే ఎరుపే అదీ అన్నాడు.

"అయితే అన్నూళ్ళ సందెలూ ఒక్కపాలే దాని మీద పడ్డాయా" అంది ఆవిడ, ఇంకోసారి కన్ను పెడుతూ.

ఒంటిగంట దాటాక విడుపయింది. స్నానానికి నీళ్ళు తోడమని మనవరాలికి కేకేసి, ఆవిడ మెట్లు దిగింది. వాడు ఎర్ర టార్చి పట్టుకుని ముందు నడిచాడు.