ప్యాంక్రియాటైటిస్‌లో నైట్రిక్ ఆక్సైడ్: 1998లో ఆపేసిన ట్రయల్ ఏం చెప్పింది?

మిథిలీన్ బ్లూ మళ్లీ చర్చలోకి వచ్చింది. 2023లో మెక్సికో వైద్యులు సెప్టిక్ షాక్‌లో (ఇన్ఫెక్షన్ ముదిరి బీపీ పడిపోయే స్థితి) ఉన్న 91 మందిపై జరిపిన ట్రయల్‌లో, ఈ మందును త్వరగా మొదలుపెట్టినవారికి బీపీ నిలబెట్టే మందులతో తొందరగా పని తీరిపోయింది. నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు రక్తనాళాలను వదులు చేసే దారికి ఈ నీలిరంగు మందు అడ్డుపడుతుంది. తీవ్రమైన ప్యాంక్రియాటైటిస్‌లోనూ (క్లోమం వాపు) బీపీ పడిపోయి ఊపిరితిత్తులు, కిడ్నీలు దెబ్బతింటాయి కాబట్టి, అక్కడా ఈ వాయువును ఆపితే సరిపోదా అనే పాత ప్రశ్న తిరిగొచ్చింది.

దీనికి జవాబు 1998లోనే చాలావరకు దొరికిందని నా నమ్మకం. నైట్రిక్ ఆక్సైడ్ పరిశోధనకు ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్ అనే శాస్త్రవేత్తలకు నోబెల్ వచ్చిన ఏడాది అది. అందరికీ గుర్తున్నది ఆ బహుమతే. కానీ అదే ఏడాది, పలు దేశాల ఐసీయూల్లో సెప్టిక్ షాక్ రోగులపై సాగుతున్న పెద్ద ట్రయల్‌ను మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది. 546సీ88 అనే ఆ మందు నైట్రిక్ ఆక్సైడ్‌ను తయారుచేసే ఎంజైములన్నిటినీ ఒకేసారి కట్టేస్తుంది. మందు ఇచ్చాక బీపీ పెరిగింది. మానిటర్ చూసినవాళ్లకు రోగి కోలుకుంటున్నట్టే అనిపించి ఉంటుంది. తీరా 28 రోజులకు లెక్క చూస్తే, మందు తీసుకున్నవారిలో 59 శాతం మంది, డమ్మీ మందు తీసుకున్నవారిలో 49 శాతం మంది చనిపోయారు. పెరిగిన మరణాల్లో గుండె, రక్తప్రసరణ విఫలమైనవే ఎక్కువ. 797 మంది వివరాలతో పూర్తి నివేదిక 2004లో గానీ అచ్చు కాలేదు. ప్రాణాలకు సంబంధించిన ఫలితం బయటికి రావడానికి ఇన్నేళ్లు పట్టడం బాధాకరం.

ఎందుకలా జరిగిందో ఎలుకల ప్రయోగాలు కొంత చెబుతాయి. రక్తనాళాల గోడల్లోని ఈ-నాస్ అనే ఎంజైము నైట్రిక్ ఆక్సైడ్‌ను కొద్దికొద్దిగా విడుదల చేస్తూ సన్నని కేశనాళికల్లో రక్తం పారేలా చూస్తుంది. వాపు ముదిరితే ఐ-నాస్ అనే మరో ఎంజైము రంగంలోకి దిగి గంటల తరబడి భారీగా తయారుచేస్తుంది. ఆ వాయువు సూపర్ ఆక్సైడ్ అనే చురుకైన ఆక్సిజన్ రూపంతో కలిసి పెరాక్సీనైట్రైట్ అనే హానికర పదార్థంగా మారి కణాలను కాల్చేస్తుంది. సెరులిన్ అనే పదార్థంతో ప్యాంక్రియాటైటిస్ తెప్పించినప్పుడు, ఐ-నాస్ లేని చిట్టెలుకలకు నష్టం తగ్గిందని 2002లో తేలింది. ఈ-నాస్ లేనివాటికి జబ్బు ముదిరిందని 2004లో తేలింది. రెండిట్లోనూ వాయువు ఒకటే. రక్తప్రసరణ కాస్త తగ్గినా కుళ్లిపోయే క్లోమానికి ఈ-నాస్‌ను కూడా ఆపేయడం ప్రమాదమే.

అడ్డుకోవాలనే పక్షం వాదన వేరు. 546సీ88 మోతాదు ఎక్కువైందని, మిథిలీన్ బ్లూ ప్రధానంగా పనిచేసేది నైట్రిక్ ఆక్సైడ్‌ను తయారుచేసే ఎంజైముల మీద కాదని వారంటారు. మోతాదు మాటలో కొంత నిజముంది. అయితే మెక్సికో ట్రయల్‌లో మరణాలు చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. బీపీ బాగుపడటం, మనిషి బతకడం ఒకటి కావని 1998లోనే చూశాం కదా!

ఇంకో సంగతి ఈ చర్చలో ఎందుకో వినిపించడం లేదు. ఈఆర్‌సీపీ (నోటి గుండా గొట్టం పంపి పిత్తనాళం, క్లోమనాళాలను చూసే పరీక్ష, చికిత్స) తర్వాత వచ్చే ప్యాంక్రియాటైటిస్‌ను నివారించడానికి వైద్యులు నైట్రిక్ ఆక్సైడ్‌ను ఆపరు, ఇస్తారు. గుండె రోగులు నాలుక కింద పెట్టుకునే, ఒంట్లో నైట్రిక్ ఆక్సైడ్‌ను విడుదల చేసే నైట్రేట్ మాత్రల రూపంలో. 2019లో ప్రచురితమైన జపాన్ ట్రయల్‌లో 886 మందికి గాను, డైక్లోఫెనాక్ (నొప్పి, వాపు తగ్గించే మందు) ఒక్కటే ఇచ్చినవారిలో 9.5 శాతం మందికి జబ్బు వస్తే, నైట్రేట్ కూడా కలిపి ఇచ్చినవారిలో 5.6 శాతానికే వచ్చింది. క్లోమనాళం చివరి కండరం వదులు కావడమే ఇందుకు ముఖ్య కారణమని భావిస్తున్నారు. అది జబ్బు రాకముందు సంగతి. జబ్బు వచ్చాక ఐ-నాస్‌ను మాత్రమే ఆపే మందేదీ ప్యాంక్రియాటైటిస్‌కు ఇంకా ఆమోదం పొందలేదు.