గుహ గోడ మీద పనివాళ్ల జాడ

స్పెయిన్ ఉత్తర తీరాన ఉన్న అల్తమిరా గుహలో 1879లో ఒక భూస్వామి రాతి పనిముట్ల కోసం నేల తవ్వుతుండగా, వెంట వచ్చిన ఎనిమిదేళ్ల కూతురు మరియా తలెత్తి పైకప్పు వైపు చూసి, అక్కడ పశువులున్నాయని తండ్రిని పిలిచింది. ఆ భూస్వామి పేరు మార్సెలినో సాంజ్ దె సౌతువోలా. పైకప్పు నిండా ఎరుపు, నలుపు రంగుల్లో బైసన్ అనే అడవి ఎద్దులున్నాయి. రాయి సహజంగా ఉబ్బిన చోటనే పొట్ట, మూపురం వచ్చేలా గీయడంతో దీపం కదిలితే అవి మసలుతున్నట్టే కనిపిస్తాయి. ఇవి రాతియుగం నాటివని సౌతువోలా 1880లో ప్రకటించగా, ఐరోపా పురాతత్వ పండితుల్లో చాలామంది ఆ మాటను కొట్టిపారేశారు.

వారి అభ్యంతరాలు ముఖ్యంగా రెండు. ఇంత నేర్పు ఆదిమ మానవుడికి ఎక్కడిది అన్నది మొదటిది. చీకటి గుహలో దివిటీలు పట్టుకుని బొమ్మలు వేసి ఉంటే పైకప్పుకు మసి అంటి ఉండాలి, ఆ మసి ఏది అన్నది రెండోది. మొదటి ప్రశ్నలో ఉన్నది కేవలం అహంకారం, కానీ రెండోది న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు ఫ్రాన్స్‌లోని లా మూత్ గుహ నుంచి వచ్చింది. అక్కడ 1895లో రాతియుగపు మట్టి పొరలు మూసేసిన సొరంగాన్ని తవ్వి లోపలికి వెళ్తే గోడల మీద బొమ్మలు కనిపించాయి. తర్వాత కొన్నేళ్లకే అదే గుహలో, అడుగున కొండమేక బొమ్మ చెక్కిన ఇసుకరాతి ప్రమిద ఒకటి దొరికింది. జంతువు కొవ్వు పోసి వెలిగించే ఆ ప్రమిదలు పెద్దగా పొగ విడవవు కనుక మసి లేకపోవడంలో ఆశ్చర్యం లేదు. సౌతువోలాను అందరికన్నా గట్టిగా తిరస్కరించిన ఫ్రెంచ్ పురాతత్వ పండితుడు ఎమీల్ కార్తయాక్ 1902లో తన పొరపాటును ఒప్పుకుంటూ వ్యాసం రాశారు. అప్పటికి సౌతువోలా చనిపోయి పద్నాలుగేళ్లయింది.

ఈ వివాదాన్ని తేల్చినది బొమ్మల అర్థం గురించిన చర్చ కాదు, ఒక ప్రమిద. ఆ తర్వాత నూట ఇరవై ఏళ్లుగా ఈ బొమ్మలు ఎందుకు వేశారన్న ప్రశ్న చుట్టూ వేట ఫలించాలని చేసిన తంత్రమనీ, పూనకంలో కనిపించిన దృశ్యాలనీ, తెగల చిహ్నాలనీ ఎన్నో సిద్ధాంతాలు వచ్చాయి. వీటిలో ప్రతిదీ ఏదో ఒక గుహకు సరిపోతుంది, మరో గుహ దగ్గర తడబడుతుంది, ఏదీ పూర్తిగా తప్పని నిరూపించడానికి మాత్రం వీలుపడదు. ఎలా వేశారని అడిగితే సంగతి వేరుగా ఉంటుంది, ఎందుకంటే రంగును పరీక్షించవచ్చు, గీత ఏ క్రమంలో పడిందో చూడవచ్చు, అదే పద్ధతిలో మళ్లీ వేసి చూడవచ్చు. ఆదిమ మానవుల మనసు గురించి మనకు గట్టిగా తెలిసినదంతా ఇంచుమించు ఈ రెండో దారినే వచ్చిందని నా అభిప్రాయం.

ఫ్రాన్స్‌లోని లాస్కో గుహను తీసుకుందాం. 1940 సెప్టెంబరులో కొందరు కుర్రవాళ్ల కంటపడిన ఈ గుహను 1948లో సందర్శకులకు తెరిచి, జనం ఊపిరి వల్ల గోడలకు పాచి పట్టడంతో 1963లో మూసేశారు. దాదాపు 17,000 ఏళ్ల నాటి ఈ బొమ్మల్లో కొన్ని మనిషి చేతికందనంత ఎత్తున ఉన్నాయి. అవి ఉన్న మార్గంలో రెండు వైపులా గోడల్లో దూలాలు దూర్చిన గుంతలు కనిపించాయి, అంటే పరంజా కట్టారన్న మాట. పరంజా కట్టాలంటే ముందుగా కలప కొట్టి తేవాలి, దాన్ని ఇరుకు దారిన లోపలికి చేరవేయాలి, పైన ఒకరు గీస్తుంటే ఇంకొకరు దీపం పట్టాలి, వేరొకరు రంగు నూరి అందించాలి. అదే గుహలో తాడు ముద్ర కూడా దొరికింది. ఈ ఆనవాళ్లను బట్టి చూస్తే, ఒంటరి మనిషి ఏదో ఆవేశంలో గీసి వెళ్లిన బొమ్మలు కావివి. ముందే అనుకుని, మనుషులను, సామగ్రిని కూడగట్టి సాగించిన పని ఇది.

ఆ మార్గం చివర ఒక తలకిందులైన గుర్రం ఉంది. అది చదునైన గోడ మీద కాకుండా, పొడుచుకొచ్చిన రాతి స్తంభాన్ని చుట్టుకుని ఉంటుంది. కాబట్టి తల దగ్గర నిలుచున్నవారికి వెనక కాళ్లు కనిపించవు, వెనక్కి వెళ్తే తల మరుగున పడుతుంది. గీసినవారు కూడా మొత్తం గుర్రాన్ని ఒక్కసారిగా చూసి ఉండరు. అయినా ఫొటోలు తీసి ఆ వంపును విప్పి చదును చేసి చూస్తే తల, మెడ, పొట్ట, కాళ్లు అన్నీ సరైన పాళ్లలోనే ఉన్నాయి. కంటికి కనిపించని భాగాన్ని మనసులో నిలుపుకుని, చేతిని దానికి తగ్గట్టు నడిపించగల సామర్థ్యం ఇది. మన మెదడుకూ వారి మెదడుకూ తేడా వెతకాలనుకునేవారు ముందు ఈ గుర్రాన్ని చూస్తే మంచిది.

చూపు విషయంలో కూడా వారు మనకు తీసిపోలేదు. ఫ్రాన్స్‌లోనే ఆర్దెష్ లోయలోని షోవే గుహలో గీసిన సింహాలకు జూలు లేదు, వాటిలో కొన్ని మగవేనని తెలిపే వృషణాలు మాత్రం స్పష్టంగా ఉన్నాయి. అంతరించిపోయిన ఆ గుహాసింహపు ఎముకలు ఎన్ని దొరికినా, మగదానికి జూలు ఉండేదో లేదో అవి చెప్పలేవు. ఆ సంగతిని గోడ చెప్పింది. చలి లోపలికి పోకుండా మామత్ ఏనుగు తోక కింద ఉండే చర్మపు మడత సైబీరియా మంచులో దొరికిన కళేబరాల్లో కనిపిస్తుంది, ఫ్రాన్స్ గుహల బొమ్మల్లోనూ కనిపిస్తుంది. హంగరీ పరిశోధకులు 2012లో నాలుగు కాళ్ల జంతువులు నడుస్తున్న వెయ్యి బొమ్మలను పరీక్షించి, కాళ్ల అమరికలో తప్పులు లెక్కపెట్టారు. కెమెరాతో గుర్రం నడకను ముక్కలుగా ఫొటో తీయక ముందు కాలపు ఆధునిక చిత్రకారుల్లో తప్పులు 83.5 శాతం ఉండగా, గుహాచిత్రాల్లో అవి 46.2 శాతమే. వెంటాడి బతికేవాడికి జంతువు అడుగు ఎలా పడుతుందో తెలియకపోతే పూట గడవదు మరి.

అయితే తిండికీ బొమ్మకూ నేరుగా ముడి పెట్టడం కుదరదు. లాస్కోలో దొరికిన ఎముకల్లో అత్యధిక భాగం రైన్‌డీర్ జింకవే, గోడ మీద దాని బొమ్మ మాత్రం ఒక్కటే. గోడలను ఆక్రమించినవి గుర్రాలు, అడవి ఎడ్లు. షోవేలోనైతే ఎక్కువగా ఉన్నవి సింహాలు, ఖడ్గమృగాలు, మామత్‌లు, అంటే మనిషి వండుకు తినేవాటికన్నా మనిషికి భయం పుట్టించేవే.

ఆ పనివాళ్లు ఎవరు? చాలాకాలం పుస్తకాల్లో బొమ్మ వేసేవాడంటే గడ్డం పెంచిన మగవాడే. చేతిని గోడకు ఆనించి చుట్టూ రంగు ఊదితే ఏర్పడే హస్తముద్రల్లో వేళ్ల నిష్పత్తిని కొలిచిన అమెరికా పురాతత్వ పండితుడు డీన్ స్నో, తాను పరీక్షించిన ముద్రల్లో మూడొంతులు ఆడవారివని 2013లో ప్రకటించారు. ఆ కొలతల మీద అభ్యంతరాలు ఉన్నాయి, అయినా మగవాడే అన్న పాత ధీమా మాత్రం మళ్లీ రాలేదు. ఫ్రాన్స్‌లోని రూఫిన్యాక్ గుహలో మెత్తటి గోడ మీద వేళ్లతో గీరిన చాళ్ల వెడల్పు కొలిస్తే, వాటిలో కొన్ని రెండు నుంచి ఏడేళ్ల మధ్య పిల్లలవని తేలింది. పిల్లల చేతికందని ఎత్తున కూడా అలాంటి చాళ్లు ఉన్నాయి కాబట్టి ఎవరో ఎత్తుకుని గీయించారన్న మాట. పిల్లలను రానివ్వని పవిత్ర గర్భగుడిగా గుహను ఊహించుకున్న సిద్ధాంతాలకు ఇది కాస్త ఇబ్బందికరమైన సాక్ష్యం.

సౌతువోలాను తిరస్కరించినవారి మొదటి అభ్యంతరం 1994 డిసెంబరులో షోవే గుహ బయటపడేదాకా పూర్తిగా చావలేదు. కళ మోటు గీతలతో మొదలై వేల ఏళ్లలో మెరుగుపడిందన్న నమ్మకం అప్పటిదాకా పాఠ్యపుస్తకాల్లో నిలబడి ఉంది. షోవేలోని బొగ్గు గీతల వయసు, బొగ్గులో మిగిలిన కార్బన్‌ను కొలిచే రేడియోకార్బన్ పద్ధతిలో కడితే దాదాపు 36,000 ఏళ్లని వచ్చింది, అంటే లాస్కోకు రెట్టింపు. గీయబోయే ముందు గోడను గీకి తెల్లగా చేసుకోవడం, బొగ్గును వేళ్లతో అలికి నీడ తేవడం, ఆకృతి అంచును పదునుగా చెక్కడం అన్నీ అక్కడ అప్పటికే ఉన్నాయి. ఇంత నేర్పు ఉన్నట్టుండి ఊడిపడదు కనుక, దానికి ముందు ఎంతో కాలం ఒకరి దగ్గర ఒకరు నేర్చుకున్న పరంపర ఉండి ఉండాలి.

ఆ పరంపర ఐరోపాలో మొదలవలేదు. దక్షిణాఫ్రికా సముద్రతీరంలోని బ్లాంబస్ గుహలో లక్ష ఏళ్ల నాటి రెండు అబలోనీ అనే సముద్రపు నత్త గుల్లలు దొరికాయి. వాటిలో నూరిన జేగురు అనే ఎర్రమన్ను, బొగ్గు, ఎముక పొడి కలిపిన రంగు ఎండిపోయి ఉంది, పక్కనే నూరుడు రాళ్లున్నాయి. ఇంటి అరుగుకు జాజు కలిపేవారు పాళ్లు చూసుకున్నట్టే ఇక్కడా ఏది ముందు, ఏది ఎంత అన్న లెక్క ఉంది. ఇక బొమ్మల విషయానికొస్తే, ఇండోనేషియాలోని సులవేసి దీవిలో లియాంగ్ కరంపువాంగ్ గుహ పైకప్పు మీద ఒక అడవి పంది, దాని చుట్టూ మూడు మనిషి ఆకారాలు ఉన్నాయి. వాటి వయసు కనీసం 51,200 ఏళ్లని 2024లో ప్రకటించారు. ఇక్కడ 'కనీసం' అన్న మాట ముఖ్యం. రాతి మీద కారిన నీటిలో యురేనియం కరిగి ఉంటుంది, థోరియం దాదాపు ఉండదు. ఆ నీరు బొమ్మ మీద సున్నపు పొరగా గట్టిపడ్డాక యురేనియం మెల్లగా థోరియంగా మారుతుంది కాబట్టి, రెంటి నిష్పత్తిని బట్టి పొర వయసు తెలుస్తుంది. బొమ్మ ఆ పొరకన్నా పాతది, ఎంత పాతదన్నది ఆ పద్ధతి చెప్పదు.

నంద్యాల జిల్లా జ్వాలాపురం దగ్గర జుర్రేరు లోయలో, సుమత్రాలోని టోబా అగ్నిపర్వతం సుమారు 74,000 ఏళ్ల కిందట పేలినప్పుడు వచ్చి పడిన బూడిద పొర ఉంది. ఆ పొర కింద రాతి పనిముట్లతో పాటు, వాడి అరగదీసిన గీరలున్న ఎర్రటి జేగురు ముక్క దొరికినట్టు 2007లో ప్రకటించారు. జేగురును తోలుకూ, ఒంటికీ, రాతి మొనను పిడికి అంటించే బంకలోనూ వాడవచ్చు కాబట్టి దాన్ని బట్టి అక్కడ బొమ్మలు వేశారని చెప్పడం తొందరపాటు అవుతుంది. దగ్గర్లోని కర్నూలు జిల్లా కేతవరంలోనూ, మధ్యప్రదేశ్‌లోని భీమ్‌బేట్కాలోనూ రాతి చరియల మీద ఎర్రటి బొమ్మలున్నాయి, అయితే అవి లోతైన గుహలు కావు, గాలివానలకు దగ్గరగా ఉన్న చరియలు. పైగా జేగురు ఇనుము ఖనిజమే తప్ప అందులో కార్బన్ ఉండదు గనుక రేడియోకార్బన్ దాని మీద పనిచేయదు. మన బొమ్మల వయసు తేలాలంటే సులవేసిలో దొరికినట్టు రంగు మీద పేరుకున్న సున్నపు పొర అయినా కావాలి, లేదా రంగులో బొగ్గు లాంటిది కలిసిన బొమ్మ అయినా కావాలి.