అడవి పందిని కాల్చే అనుమతి: చిక్కు 1991లోనే పడింది

పంట మీద పడే అడవి పందుల్ని చంపడానికి అనుమతి ఎవరివ్వాలన్న వాదన మళ్లీ మొదలైంది. మహారాజుల వేట, పులి తోళ్ల కథ అందరికీ తెలిసిందే, దాన్ని వదిలేద్దాం. ఇవాళ్టి చిక్కు 1991లో పడింది.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను పూర్తిగా ఆపలేదు. చట్టం జంతువుల్ని షెడ్యూళ్లనే జాబితాలుగా విడగొట్టింది. మొదటి షెడ్యూల్ జంతువుల జోలికి పోకూడదు. తర్వాతి మూడు షెడ్యూళ్లలోని వాటికి లైసెన్సులు ఉండేవి. ఉచ్చు వేసి పట్టడానికి కూడా వేరే లైసెన్సు. తీసుకున్నవాళ్లు దేన్ని చంపారో, దేన్ని పట్టారో లెక్క రాయాలి. 1991 సవరణ ఆ లైసెన్సుల్ని ఎత్తేసింది. తరిగిపోతున్న జంతువుల కోసం అది అవసరమే. కానీ లెక్క రాసే నిబంధన కూడా దాంతోపాటే పోయింది.

మిగిలిన ముఖ్యమైన దారి ఆ చట్టంలోని సెక్షన్ 11. పంటకు ముప్పని తేలితే రాష్ట్రంలో వన్యప్రాణుల వ్యవహారాలు చూసే పై అధికారి, అంటే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ, ఆయన అధికారమిచ్చిన అధికారి గానీ కారణాలు రాసి ఉత్తర్వు ఇవ్వాలి. పందుల గుంపు దిగితే మొక్కజొన్న చేను ఒక్క రాత్రిలో నేలమట్టం. దరఖాస్తు కదలడానికి ఎన్ని రాత్రులు పడుతుంది? ఉత్తర్వు వచ్చినా తుపాకీ లైసెన్సు ఉన్న మనిషి దొరకాలి. ఈ టెన్షన్ భరించలేక కొందరు చేను చుట్టూ కరెంటు తీగ కడుతున్నారు. అది నేరం. రాత్రి నీళ్లు కట్టడానికి వెళ్లిన మనుషులు కూడా ఆ తీగలకే బలవుతున్నారు.

పంది పేరు చెప్పి జింకల్ని కొడతారని, పులికి తిండి తగ్గుతుందని వన్యప్రాణి ప్రేమికులు అంటారు. ఆ భయం నిజమే.

2015-16లో కేంద్రం బిహార్, ఉత్తరాఖండ్‌లలో కొన్ని ప్రాంతాల్లో, ఏడాది గడువుతో అడవి పందిని హానికర జంతువుగా, అంటే చంపడానికి అనుమతి అక్కర్లేని జంతువుగా ప్రకటించింది. కేరళ అదే అడిగితే ఒప్పుకోలేదు. అందుకే 2022లో ఆ రాష్ట్రం సెక్షన్ 11 అధికారాన్నే పంచాయతీ అధ్యక్షుల దాకా దించింది. విషం, పేలుడు పదార్థాలు, కరెంటు వాడకూడదని షరతు పెట్టింది. అలా అక్కడ నిర్ణయం చేనుకు దగ్గరగా వచ్చింది.

2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ పందిని మూడో షెడ్యూల్ నుంచి రెండో షెడ్యూల్‌లోకి మార్చింది. రైతు దరఖాస్తు మాత్రం ఇప్పటికీ సెక్షన్ 11 కిందే వెళ్లాలి.