పుట్టిన తేదీకి 720 నొక్కులు

ఒక దరఖాస్తు తెర కావాలి. పేరు, పుట్టిన తేదీ, రక్తం గ్రూపు, అంతే. ఒక పద్ధతిలో ప్రోగ్రామర్ పెట్టెలూ బటన్లూ గీయడు. పేరు అక్షరాల్లో ఉంటుంది, తప్పనిసరి. పుట్టింది ఒక తేదీ. రక్తం గ్రూపు ఎనిమిదింట్లో ఒకటి అని రాసిస్తాడు. దీన్నే మోడల్ అంటారు. దాన్ని చదివి తెర తయారుచేయడం సాఫ్ట్‌వేర్ పని. వెబ్‌సైట్లు కట్టడానికి వాడే, 2005లో విడుదలైన జాంగోలో అడ్మిన్ పేజీలు, అంటే సైటు నడిపేవాళ్ల తెరలు, పుట్టేది ఇలాగే.

1992లో కంప్యూటర్ పరిశోధకులు బ్రాడ్ మయర్స్, మేరీ బెత్ రాసన్ చేసిన సర్వేలో, ప్రోగ్రాముల కోడ్‌లో సగటున 48 శాతం ఇంటర్‌ఫేస్‌కే, అంటే మనిషి చూసి వాడే తెరలకే, పోతోందని తేలింది. సగం చాకిరీ యంత్రం నెత్తిన వేయగలిగితే ఎవరికి చేదు?

చిక్కు తేదీ దగ్గరే మొదలవుతుంది. తేదీ కనబడితే క్యాలెండర్ పెట్టమని సాఫ్ట్‌వేర్‌కు ఒక సూత్రం నేర్పారనుకుందాం. వచ్చే వారం అపాయింట్‌మెంట్‌కు అది భేషుగ్గా పనికొస్తుంది. అరవై ఏళ్లాయన అందులో తన పుట్టినరోజు వెతుక్కోవాలంటే, నెలకో నొక్కు చొప్పున 720 సార్లు వెనక్కి నొక్కాలి! రెండూ తేదీలేనని మోడల్‌కు తెలుసు. ఒకటి రేపోమాపోది, రెండోది ఏనాటిదో అన్న సంగతి దానికెవరూ చెప్పలేదు. చెబుదామని ఇంకో సూత్రం చేరిస్తే దానికో మినహాయింపు కావాల్సొస్తుంది. పోనీ, తయారైన తెరను చేత్తో సరిచేద్దామా? మోడల్ మారి తెర మళ్లీ పుట్టినప్పుడు ఆ దిద్దుబాట్లు ఎగిరిపోవచ్చు. ఏ సూత్రం మారిస్తే తెరలో ఏది కదులుతుందో అంతుబట్టకపోవడం వల్లే ఈ పద్ధతికి ఆదరణ తగ్గిందని మయర్స్, ఆయన సహరచయితలు 2000లో రాశారు. నాకూ అది సబబే అనిపిస్తుంది. తన తెర తనకే అర్థం కాని పరిస్థితిని ఏ ప్రోగ్రామరూ భరించడు.

వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో క్షిష్టోఫ్ గాయోస్, డాన్ వెల్డ్ తయారుచేసిన సపుల్ అనే సాఫ్ట్‌వేర్ మరో దారి పట్టింది. ఒకే పనికి పక్కకు లాగే స్లైడర్ పెట్టొచ్చు, జాబితా పెట్టొచ్చు, ఒకదాన్నే ఎంచుకునే రేడియో బటన్లు పెట్టొచ్చు. తెరలో పట్టే కూర్పులన్నిటిలోంచి, వాడే మనిషికి తక్కువ శ్రమ పెట్టేదాన్ని సపుల్ లెక్కకట్టి వెతుకుతుంది. ఆ శ్రమ అందరికీ ఒకటి కాదు. అందుకే, చేతుల కదలిక సరిగా లేనివారిచేత ముందు గురిపెట్టించి, నొక్కించి, లాగించి, ఎంత సమయం పడుతోందో కొలిచారు. ఆ కొలతలతోనే ఎవరి తెర వారికి తయారైంది. 2008లో ప్రచురించిన ప్రయోగంలో, చేతుల కదలిక సరిగా లేని ఆ మనుషులు మామూలు తెరలకంటే 26 శాతం వేగంగా, 73 శాతం తక్కువ తప్పులతో పని ముగించారు.

ఒకరికి లాగడం కష్టం, మరొకరికి చిన్న బటన్ మీద గురి నిలవదు. మనిషికో తెర గీస్తూ కూర్చునే డిజైనర్ ఎక్కడా దొరకడు. ఇక్కడ మాత్రం ప్రోగ్రామర్ రాసిచ్చిన మోడల్‌లో ఎవరి కోసమూ ఒక్క అక్షరం మార్చాల్సిన పని పడలేదు.